బంతి కదిలేదాకా

మా తమ్ముడు డెల్బర్ట్‌ని మా అమ్మ టీవీలో వెనకనుంచే గుర్తుపట్టేది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, టోపీ కూడా తీయకుండా టీవీ ముందు కూర్చునేది. ఆటగాళ్లు వరసగా వంగగానే వేలు చాపి చూపించేది.

"అదిగో, ఆ మధ్యలో ఉన్నది మావాడిదే."

"ఎట్లా చెప్తున్నావు ఓజెల్లా? నాకు అందరివీ ఒకలాగే ఉన్నాయి," అనేది పక్కింటావిడ.

"పుట్టినప్పట్నించీ కడిగినదాన్ని. నాకు తెలీదుటే?"

ఆడవాళ్లంతా చర్చి విసనకర్రలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. అమ్మ మాత్రం నవ్వేది కాదు. కొడుకు మొహం చూద్దామని కూర్చుంటే ఎప్పుడూ అదే చూపిస్తున్నారని ఆమెకి టీవీవాళ్ల మీద నిజంగానే కోపం.

తప్పు టీవీవాళ్లది కాదు, వాడు చేసే పని అలాంటిది. మా ఫుట్‌బాల్ కోడిగుడ్డులా రెండు కొసలున్న బంతితో, ఎక్కువగా చేతులతో ఆడే ఆట. ముందుకు పోయే దారి మూసుకుపోయినప్పుడు బంతిని కాలితో దూరంగా తన్నేస్తారు. తన్నేవాడు ఎక్కడో వెనక నిలబడి ఉంటాడు. ఆ బంతిని అతని చేతుల్లోకి పంపడమే మావాడి ఉద్యోగం. నడుం వంచి, తల కిందికి దించి, కాళ్ల సందులోంచి లోకాన్ని తలకిందులుగా చూస్తూ వెనక్కి విసరాలి. బంతి చేతిలోంచి జారిందో లేదో, ఎదురుగా ఉన్న భారీ మనుషులు వచ్చి మీద పడతారు. ఉత్తరాన మంచు కురిసే ఊళ్లో, జీతమిచ్చే పెద్ద టీమ్‌లో, డెల్ పదకొండేళ్లు చేసింది ఇదే.

బంతి తన్నినవాడికి చప్పట్లు. పట్టుకున్నవాడికి చప్పట్లు. పరిగెత్తినవాడికి మెడలో గొలుసులు, సబ్బుల ప్రకటనలు. మావాడికి నడుంనొప్పి. సరిగ్గా చేసినన్నాళ్లూ వాడి పేరు ఎవరికీ తెలియలేదు. నేను ఈ మాట అంటే డెల్ నవ్వి, "తెలియకపోతేనే మంచిదక్కా. తెలిసిందంటే ఏదో తగలబెట్టానన్నమాట," అనేవాడు. వాడి మంచితనం చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతుంది.

ఈ పని వాడు నేర్చుకున్నది మా కోల్టర్ బడిలోనే. దక్షిణాన ఉన్న మా డెల్టాలో పత్తిచేలూ చేపల చెరువులూ పోను ఇంకేం మిగలదు కాబట్టి, శుక్రవారం సాయంత్రం ఊరు ఊరంతా బడి మైదానంలో ఉండేది. ముందు వరసలో ఆరుగురు కుర్రాళ్లు. నడిమధ్య డెల్, చేతికింద బంతి. వాడి పక్కనే కార్నెల్, ఇప్పుడు మంగలి షాపు నడుపుతున్నాడే, ఆ కార్నెల్.

పక్క ఊరు బ్రాంట్లీ వాళ్లు మహా దొంగలు. మనవాళ్లు వంగి ఉండగా కంచె దగ్గర నుంచి, ఆట మొదలెట్టమని కేకేసే మన కుర్రాడి గొంతుతోనే "కదలండి!" అని అరిచేవాళ్లు. మనవాళ్లు తుళ్లిపడి బంతికంటే ముందే కదిలేవాళ్లు. ముందు కదిలితే తప్పు కింద లెక్క, వెనక్కి పంపేస్తారు. రెండేళ్లు వరసగా అలాగే ఓడిపోయాక మా కోచ్‌కి పిచ్చెక్కింది.

"చెవులు ఇంట్లో పెట్టి రండిరా! డెల్ చెయ్యి చూడండి. బంతి కదిలేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదు. మీ తాత సమాధిలోంచి లేచొచ్చి పిలిచినా సరే!"

ఆ వేసవంతా ఆయన వాళ్లని వంచి నిలబెట్టి వెనకనుంచి రేకు డబ్బాలు కొట్టేవాడు. మెడమీద ఐసునీళ్లు పోసేవాడు. పాము, పాము అని కేకలు పెట్టేవాడు. ఒకరోజు కార్నెల్ చెయ్యి నేరుగా చీమలపుట్ట మీద పడింది. వాడు పళ్లు బిగపట్టి, కళ్లనీళ్లు కారుతుంటే అలాగే ఉన్నాడు తప్ప, డెల్ బంతి కదిపేదాకా చెయ్యి తీయలేదు. ఆ ఏడు బ్రాంట్లీ వాళ్ల గొంతులు పోయాయి గాని మా వరసలో ఒక్కడూ చలించలేదు.

ఆ అలవాటు వాళ్ల ఎముకల్లో దిగిపోయింది. ఇప్పుడు అందరికీ బట్టతలలూ బొజ్జలూ వచ్చినా, చేపల వేపుడు విందులో ఆరుగురూ ఒక టేబుల్ దగ్గర కూర్చుంటే డెల్ ముద్ద ఎత్తేదాకా మిగతా ఐదుగురూ ఎత్తరు. నేను గమనించి చెప్తే, "ఛ, అదేం లేదు వెర్నీస్," అంటారు. చెప్తూ డెల్ చేతివైపే చూస్తుంటారు.

డెల్ ఉత్తరానికి వెళ్లాక దేశానికంతటికీ వాడి పేరు తెలిసిన రోజు ఒక్కటే వచ్చింది. అది మామూలు ఆట కాదు, ఓడినవాళ్లు ఇంటికి పోవాల్సిన ఆట. పొద్దున్నించీ వాన. చివర్లో డెల్ విసిరిన తడిబంతి తన్నేవాడి నెత్తిమీదుగా పోయింది. అవతలివాళ్లు దాన్ని పట్టుకుని గీత దాటేశారు. ఆట అయిపోయింది. కెమెరా వెళ్లి డెల్ మొహం మీద ఆగి, ఇంక కదల్లేదు. వాడు శిరస్త్రాణం తీసి చేత్తో పట్టుకుని, తల వేలాడేసుకుని కూర్చున్నాడు. వాననీళ్లు గడ్డం మీంచి కారుతున్నాయి.

అమ్మ ఫోన్ దగ్గర కూర్చుని, వాడు దొరికేదాకా తిప్పుతూనే ఉంది.

"ఒరేయ్, నీ మొహం చూపించార్రా! ఎంతసేపు చూపించారో! చిక్కిపోయావేం? అక్కడ అన్నం పెట్టట్లేదా?"

"అమ్మా, ఓడిపోయాం. నా వల్ల ఓడిపోయాం."

"ఓడితే ఓడారు, ఎవరో ఒకరు ఓడొద్దూ? ఇన్నాళ్లకి నిన్ను కళ్లారా చూశాను. కానీ తల అట్లా దించేసుకున్నావేంరా? ఎత్తుకోవాల్సింది. మంచి మొహం నీది."

ఆ తర్వాత ఉత్తరాన రేడియోల్లో, పేపర్లలో వాడిని తిట్టినవాళ్లు ఎంతమందో. దుకాణానికి వెళితే పాలు అమ్మే మనిషి కూడా ఒక మాట అనేవాడట. పదకొండేళ్లు సరిగ్గా అందించిన బంతులు ఎవరికీ గుర్తులేవు. మరుసటి ఏడు టీమ్‌వాళ్లు మర్యాదగా చెయ్యి కలిపి పంపించేశారు. వాడు భార్య లవర్న్‌నీ, సరిగ్గా నిటారుగా నిలవని నడుమునీ, చప్పుడు చేసే మోకాళ్లనీ వెంటబెట్టుకుని కోల్టర్ వచ్చేశాడు. ఇక్కడ మాత్రం ఎవరూ ఆ వాన ఆట ఊసెత్తలేదు. కార్నెల్ తన షాపులో పెద్ద అద్దం పక్కన డెల్ ఫొటో పెట్టాడు. అదీ వెనకనుంచి తీసిందే. ఇంకోటి దొరకలేదన్నాడు.

వాడు బడి బస్సు నడపడం మొదలుపెట్టాడు. సీట్లో నడుం వెనక అమ్మ కుట్టిన దిండు. ఏ పిల్ల ఏ మలుపు దగ్గర ఎక్కుతుందో, ఏ పిల్లకి వాళ్లమ్మ పొద్దున ఏమీ పెట్టి పంపదో వాడికి తెలుసు. అద్దం దగ్గర ఎప్పుడూ బిస్కెట్ల పొట్లం ఉండేది. ఇలా చాలా ఏళ్లు బాగానే గడిచాయి. ఆ తర్వాత అమ్మ గుండె మొరాయించడం మొదలుపెట్టింది.

డాక్టరు ఇంక ఎక్కువ రోజులు లేవని చెప్పాడు. ఆ ఆదివారం భోజనాల దగ్గర అమ్మ మొక్కజొన్న రొట్టె తుంచుతూ, కూరలో ఉప్పు తక్కువైందన్నట్టే అంది.

"నన్ను మోసేది డెల్. ముందువైపు. చెప్పాను, ఇంక మళ్లీ చెప్పను."

లవర్న్ చేతిలో గరిటె ఆగిపోయింది. "అత్తయ్యా, ఆయన నడుం సంగతి మీకు తెలుసుగా. ఈసారి బరువెత్తితే మళ్లీ లేస్తాడో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు. అంత్యక్రియల పెటీ గారి దగ్గర పెట్టెని తోసే చక్రాల బండి ఉంది. ఇప్పుడందరూ దానిమీదే..."

"చక్రాల బండా?" అమ్మ రొట్టె కింద పెట్టింది. "ఆ చేపల ఫ్యాక్టరీలో ఒళ్లు హూనం చేసుకుని ఏం తోశాననుకున్నావే? చక్రాల బండి. పొద్దస్తమానం చచ్చిన చేపల్ని అటునుంచి ఇటు, ఇటునుంచి అటు. ఇప్పుడు నన్ను కూడా దానిమీద వేసి తోస్తారా? నేను మనిషిని. నన్ను మనుషులే మొయ్యాలి."

నాకు తిక్కరేగింది. "మొయ్యడానికి వాడే దొరికాడా అమ్మా? ఊళ్లో వేరే మగాళ్లే లేరా? వాణ్ని కూడా నీతోపాటే పంపించమంటావా?"

"వెర్నీస్, నువ్వు నోరుమూసుకో."

డెల్ మా ముగ్గురివైపూ చూడలేదు. అమ్మ చేతిమీద చెయ్యి వేసి, "మోస్తానమ్మా," అన్నాడు. ఆ మాట అన్నాక వాడికి బతుకులో ఇంకో పని లేకుండా పోయింది. బస్సులో పిల్లల్ని దించి రాగానే రెండు బకెట్లలో ఇసుక నింపుకుని, చెరో చేత్తో పట్టుకుని బడి మైదానం చుట్టూ నడిచేవాడు. ఆడే రోజుల్లో నడుముకి బిగించే వెడల్పాటి తోలుపట్టీ అటకమీంచి దింపాడు. అది ఇప్పుడు పొట్టకి చాలక కార్నెల్ దానికో ముక్క అతికి ఇచ్చాడు.

ఒక శనివారం పాత వరస మొత్తం మా పెరట్లో దిగింది. శవపెట్టె బదులు మా చేపల ఫ్రీజరు బయటికి లాగారు. చూడటానికి అంతే పొడుగుంటుంది. అమ్మ వరండాలో దుప్పటి కప్పుకుని కూర్చుంది. తనని మోసే తీరు తనే దగ్గరుండి చూసుకుంటానంది.

"ఖాళీ ఫ్రీజరు ఎత్తి ఏం లాభం? చేపలుంచండి," అని హుకుం వేసింది.

"ఓజెల్లా అత్తా, నువ్వు ఇంత బరువుండవు," అన్నాడు కార్నెల్.

"నా సంగతి నీకేం తెలుసురా? నీ తలకాయ కంటే నా చెయ్యే బరువు. ఎత్తండి!"

డెల్ చెయ్యి కదిపాడు. ఆరుగురూ ఒక్కసారే లేచారు. ముచ్చటగా లేచారు, కాదనను. నాలుగడుగులు వేశారో లేదో డెల్ ఎడమ మోకాలు ఒరిగిపోయింది. ఫ్రీజరు మూత తెరుచుకుని గడ్డిమీదంతా చేపల పొట్లాలు. ఎదురింటి కుక్క ఒకటి నోట కరుచుకుని ఉడాయించింది.

"చంపార్రా నన్ను!" అమ్మ వరండాలోంచి కేక పెట్టింది. "చచ్చాక కూడా కాళ్లు విరగ్గొట్టేట్టున్నారు! ఆ కుక్క పట్టుకుపోయింది నా ఏ ముక్కో చూడండి!"

అందరూ పడీపడీ నవ్వారు. డెల్ మాత్రం గడ్డిలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. లేపడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. మెల్లిగా వరండా మెట్లదాకా వచ్చి, తల దించుకుని, "అమ్మా, నా వల్ల కాదేమో," అన్నాడు. అచ్చం ఆ వాన రోజు టీవీలో చూసిన మొహమే.

అమ్మ వాడి నెత్తిమీద అంటిన గడ్డిపరకలు తీసింది.

మర్నాడు నేను పీచ్ కాబ్లర్ చేశాను. పళ్లమీద పిండి కప్పి, పైన ఎర్రగా కాలి, అంచుల్లోంచి పాకం పొంగుతూ ఉంటుందే, అలాగ. మా అమ్మ ఆ కాబ్లర్ కోసం పాస్టరుగారితోనే దెబ్బలాడిన మనిషి. గిన్నె ముందు పెడితే వేలితో పక్కకి నెట్టింది.

"నాకొద్దే."

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. కొంచెం ఒళ్లు తగ్గుదామని."

"ఈ వయసులో తగ్గి ఎవరికి చూపిస్తావు?"

"చూపించడానికి కాదు. మొయ్యడానికి."

వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. వచ్చి చెడామడా తిట్టాను. గుండెజబ్బు మనిషి కడుపు మాడ్చుకుంటే ఎట్లా అన్నాను. ఆమె వినలేదు. రొట్టెలో సగం, కూరలో సగం, కాబ్లర్ అసలే ముట్టదు. "వాడికి చెప్పావో, పైనుంచి కూడా నిన్ను వదలను," అంది. నేను చెప్పలేదు. వాడు ఇసుక మోస్తూ పోయాడు, ఆమె తిండి తగ్గిస్తూ పోయింది. ఆ చలికాలమంతా ఇద్దరి మధ్యా నేను నోరు కుట్టుకుని తిరిగాను. నాలాంటిదానికి అదెంత శిక్షో మా ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు.

పీచ్ చెట్లు పూసే వేళకి అమ్మ నిద్రలోనే వెళ్లిపోయింది.

చర్చి కిటకిటలాడింది. బ్రాంట్లీ నుంచి కూడా వచ్చారు. శ్మశానం చర్చి వెనకే, మెట్లు దిగి గడ్డి దాటితే వస్తుంది. పాటలు అయ్యాయి, ప్రార్థన అయింది. అంత్యక్రియలు జరిపించే పెటీ గారు నల్లకోటు సర్దుకుంటూ వచ్చాడు. ఆయన మనుషుల్లో ఒకడు చక్రాల బండిని తలుపు వెనక సిద్ధంగా ఉంచడం నేను చూశాను. లవర్న్ కూడా చూసింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆరుగురూ పెట్టెకి అటు ముగ్గురు, ఇటు ముగ్గురు నిలబడ్డారు. డెల్ ముందువైపు. కోటు కింద తోలుపట్టీ ఉబ్బెత్తుగా కనబడుతోంది. వంగి పిడి పట్టుకున్నారు.

"బాబులూ, నేను మూడు అనగానే ఎత్తండి," అన్నాడు పెటీ గారు. "ఒకటి. రెండు. మూడు."

ఎవరూ కదల్లేదు.

పెటీ గారు గొంతు సవరించుకున్నాడు. "ఇంకొకసారి. ఒకటి, రెండు, మూడు!"

ఆరుగురూ వంగినవాళ్లు వంగినట్టే ఉన్నారు. చర్చిలో గుసగుసలు మొదలయ్యాయి. ఆయన కార్నెల్ దగ్గరికి వంగి, "ఏమైంది బాబూ? బరువుగా ఉందా?" అని అడిగాడు.

కార్నెల్ తల తిప్పకుండా, పెదాలు మాత్రం కదిపి, "బంతి కదల్లేదండీ," అన్నాడు.

పెటీ గారికి ఏం అర్థమవుతుంది? ఆయన బ్రాంట్లీ మనిషి. నాకు అర్థమైంది. ఐదుగురి కళ్లూ డెల్ చేతిమీదే ఉన్నాయి. ఆ చెయ్యి పిడిని పట్టుకుని బిగుసుకుపోయింది. వాడు తల పూర్తిగా కిందికి వేలాడేసి ఉన్నాడు. భుజాలు వణుకుతున్నాయి. వాడికి నడుం పట్టేసిందో, గుండె పట్టేసిందో తెలియడం లేదు. పెటీ గారు తలుపువైపు చూసి బండి తెమ్మన్నట్టు వేలు ఎత్తాడు.

నేను లేచి నిలబడ్డాను. పాస్టరుగారున్నారని గాని, శవం ముందుందని గాని నాకు తోచలేదు.

"ఒరేయ్ డెల్! మొహం ఎత్తరా! నీ రెండోవైపు అమ్మ చూసీ చూసీ విసిగిపోయింది!"

ముందు పక్కింటావిడ కిసుక్కుమంది. ఆ వెంటనే వరసలన్నీ విసనకర్రల చాటున నవ్వడం మొదలుపెట్టాయి. పాస్టరుగారు బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. డెల్ భుజాలు ఇంకా వణుకుతున్నాయి, కానీ ఇప్పుడు వాడు నవ్వుతున్నాడు. నవ్వుతూ, ఏడుస్తూ, తల పైకెత్తాడు. మొహమంతా తడి. మంచి మొహం మా వాడిది, అమ్మ చెప్పిందే నిజం.

వాడి చెయ్యి కదిలింది. ఆరుగురూ ఒక్క మనిషిలా లేచారు.

మెట్లు దిగారు. గడ్డి దాటారు. నేను వాడి ఎడమ మోకాలినే చూస్తూ నడిచాను. ఒకసారి వణికింది గాని ఒరగలేదు. తల దించలేదు వాడు. గోతి దగ్గర అమ్మని దించాక నిటారుగా నిలబడటానికి చాలాసేపు పట్టింది. నిలబడ్డాడు. చక్రాల బండి చర్చి తలుపు వెనకే ఉండిపోయింది.

భోజనాలు చర్చి కింది హాల్లో. పాత వరస అంతా ఒకే టేబుల్ దగ్గర కూర్చుంది. వేయించిన చేప, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె అయ్యాక నేను కాబ్లర్ తెచ్చి అందరికీ వడ్డించాను. డెల్ చెంచా పట్టుకుని ఆగాడు.

"అక్కా, అమ్మ ఎప్పుడింత తేలికైపోయింది? నేను చేపల ఫ్రీజరంత ఉంటుందని భయపడి చచ్చాను. ఎత్తితే చేతిలో ఏమీ లేనట్టే ఉంది."

అప్పుడు చెప్పాను. పైనుంచి వదలనంటే వదలకపోనీ. ఆ ఫ్రీజరు పడ్డ మర్నాటి నుంచి తను తిండి తగ్గించిన సంగతి, ఈ కాబ్లర్ గిన్నె వేలితో నెట్టేసిన సంగతి, మొయ్యడానికి అన్న మాట, అన్నీ చెప్పాను. వాడు విన్నాడు. చెంచా పట్టుకున్న చెయ్యి టేబుల్ మీద పడుకుంది. పాకం చల్లారిపోతోంది. కార్నెల్, మిగతా నలుగురూ చేతుల్లో చెంచాలు పట్టుకుని, ఒక్కరూ కదలకుండా, వాడి చెయ్యివైపే చూస్తున్నారు.

"తినరా నాయనా," అన్నాను. "వీళ్లంతా నీ కోసం పస్తుండేట్టున్నారు."

డెల్ వాళ్లవైపు చూశాడు. చెంచా ఎత్తాడు.